కొండకర్ల ఆవ, అనకాపల్లి జిల్లా అటవీ జలాశయాలు

కొండకర్ల ఆవ ఆంధ్రప్రదేశ్‌లోని అనకాపల్లి జిల్లా, అచ్యుతాపురం మండలం కొండకర్ల గ్రామం దగ్గరున్న సహజ మంచినీటి సరస్సు. రాష్ట్రంలోని సహజ మంచినీటి సరస్సుల్లో కొల్లేరు తర్వాత రెండో పెద్దదిగా దీన్ని ప్రస్తావిస్తారు. మూడు వైపులా తూర్పు కనుమలకు చెందిన కొండలు, మధ్యలో తామరలు నిండిన లోతు తక్కువ నీరు, ఏడాది పొడవునా కనిపించే నీటిపక్షులు దీని ప్రధాన లక్షణాలు. ఇదే జిల్లా పడమటి అంచున అడవి కొండల పాదాల వద్ద తాండవ, కళ్యాణపులోవ, పెద్దేరు, కోనాం, రైవాడ జలాశయాలు ఉన్నాయి. అవి నదులకు అడ్డుకట్టలు వేసి నిర్మించినవి. ఆవ ప్రకృతిసిద్ధంగా ఏర్పడినది. పుట్టుకలో ఈ తేడా ఉన్నా, కనుమల అడవుల్లో కురిసి సముద్రం వైపు సాగే వాననీటి దారిలోనే ఇవన్నీ ఉన్నాయి. అందువల్ల ఈ వ్యాసం వాటిని కలిపి పరిశీలిస్తుంది.

నిర్వచనం, పదజాలం

కోస్తా ఆంధ్రలో పల్లపు ప్రాంతంలో వాననీరు, వరదనీరు చేరి నిలిచే విశాలమైన తడి నేలను ఆవ అంటారు. రాజమహేంద్రవరం పరిసరాల్లోని ముంపు పొలాలను ఆవ భూములు అనడం కూడా ఈ అర్థంలోనే. ఆవకు స్పష్టమైన గట్టు ఉండకపోవచ్చు. వర్షాకాలంలో దాని అంచులు విస్తరిస్తాయి, ఎండాకాలంలో కుంచించుకుపోతాయి. అలా బయటపడిన అంచు నేల కొన్ని నెలలు మేత బీడుగానో సాగు భూమిగానో ఉపయోగపడుతుంది.

చెరువు ఇందుకు భిన్నమైనది. పల్లానికి అడ్డంగా మట్టికట్ట వేసి, తూము, కలుజు ఏర్పాటు చేసి, ఆయకట్టుకు నీరందించేందుకు నిర్మించినదాన్ని చెరువు అంటారు. నది లేదా పెద్ద గెడ్డ మీద ఆనకట్ట కట్టి నీటిని నిల్వచేస్తే అది జలాశయం. ఉత్తరాంధ్రలో కొండవాగును గెడ్డ అని పిలుస్తారు. భౌగోళిక శాస్త్రం ఆవ వంటి వాటిని చిత్తడి నేలల వర్గంలో చేరుస్తుంది. నీరు నేల మీద గాని, నేల పైపొరలో గాని ఏడాదిలో కొంత కాలమైనా నిలిచి, అక్కడి మొక్కలను, జంతువులను నిర్ణయించే ప్రదేశమే చిత్తడి నేల.

ఉనికి

అనకాపల్లి జిల్లా 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లా పునర్వ్యవస్థీకరణలో ఏర్పడింది. పడమర, వాయవ్య దిశల్లో తూర్పు కనుమలు, తూర్పు, ఆగ్నేయ దిశల్లో బంగాళాఖాతం ఉన్నాయి. ఈ రెంటి మధ్య కొండల నుంచి తీరానికి వాలిన మైదానం జిల్లాలో అధిక భాగం ఆక్రమిస్తుంది. కొండకర్ల ఆవ ఈ మైదానపు తూర్పు భాగంలో, తీరానికి దగ్గరగా ఉంది. కొండకర్ల, హరిపాలెం అచ్యుతాపురం మండలంలోని పరిసర గ్రామాలు. మరో వైపున్న వాడ్రాపల్లి మునగపాక మండలానికి చెందినది. విశాఖపట్నం నుంచి ఆవ 50 కిలోమీటర్ల లోపు దూరంలో ఉంది. అనకాపల్లి నుంచి మునగపాక మీదుగా అచ్యుతాపురం వెళ్లే రోడ్డు, విశాఖపట్నం నుంచి గాజువాక మీదుగా వచ్చే రోడ్డు ప్రధాన మార్గాలు. అనకాపల్లి, ఎలమంచిలి దగ్గరలోని రైల్వే స్టేషన్లు.

భూస్వరూపం, శిలలు

తూర్పు కనుమలు ఈ ప్రాంతంలో ఒకే గోడలా సాగవు. పడమట ఎత్తైన కొండల వరుసలున్నా, మైదానంలో అక్కడక్కడా విడివిడి కొండలు లేచి, కొన్ని తీరం వరకూ వ్యాపిస్తాయి. కొండకర్ల చుట్టూ ఉన్నవి ఇలాంటి విడి కొండలే. వీటిలో ఖోండలైట్, చార్నొకైట్ జాతి రూపాంతర శిలలు ముఖ్యమైనవి. ఖోండలైట్ గాలికి, నీటికి త్వరగా శిథిలమై ఎర్రటి మట్టిగా మారుతుంది. వాన నీటితో జారిన ఈ మట్టి కొండపాదాల్లో ఎర్ర నేలలను ఏర్పరుస్తుంది. సన్నని బంకమన్ను ఇంకా దూరం కొట్టుకువచ్చి పల్లంలో పేరుకుంటుంది. నీరు వేగంగా ఇంకిపోకుండా అడ్డుకునే ఈ బంకమన్ను పొర ఆవలో నీరు నిలవడానికి ఒక ముఖ్య కారణం.

కొండల మధ్య పల్లం కావడంతో ఆవకు మూడు వైపుల నుంచి వాలు నీరు చేరుతుంది. అడుగు దాదాపు చదునుగా ఉండి, లోతు తక్కువగా ఉంటుంది. అందుచేత నీటిమట్టంలో చిన్న మార్పు వచ్చినా నీరు పరచుకున్న విస్తీర్ణంలో పెద్ద మార్పు కనిపిస్తుంది. కొండల మధ్య లోయను నింపిన జలాశయం తీరు వేరు. అక్కడ గట్లు నిటారుగా ఉంటాయి కాబట్టి మట్టం అనేక అడుగులు తగ్గినా విస్తీర్ణం ఆ నిష్పత్తిలో తగ్గదు.

శీతోష్ణస్థితి

జిల్లాకు జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాలు, అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాలు వర్షాన్నిస్తాయి. బంగాళాఖాతంలో ఏర్పడే వాయుగుండాలు, తుఫానులు రెండో కాలంలో తక్కువ రోజుల్లో ఎక్కువ వర్షం కురిపిస్తాయి. 2012 నవంబరు మొదటి వారంలో నీలం తుఫాను అనంతర వర్షాలకు ఈ ప్రాంతపు నదులు పొంగి పంటలు మునిగాయి. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుఫాను గాలులు చెట్లను, తోటలను భారీగా కూల్చాయి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ తీవ్రత పెరిగి ఆవిరి నష్టం అధికమవుతుంది. లోతు తక్కువైన ఆవపై దీని ప్రభావం జలాశయాల మీద కన్నా ఎక్కువ.

నదీ వ్యవస్థ

జిల్లాలో శారద, వరాహ, తాండవ మూడు ముఖ్య నదులు. మూడూ కనుమల్లో పుట్టి బంగాళాఖాతంలో కలిసే చిన్న నదులే. గోదావరి, కృష్ణల మాదిరిగా ఇవి ఏడాదంతా నిండుగా పారవు. వర్షాలను బట్టి పెరిగి తగ్గుతాయి.

శారద నది అనంతగిరి ప్రాంతపు కొండల్లో పుడుతుంది. బొడ్డేరు, పెద్దేరు, తాచేరు దీని ఉపనదులు. చోడవరం, అనకాపల్లి ప్రాంతాల మీదుగా సాగి తీరం చేరుతుంది. వరాహ నది నర్సీపట్నం వైపు కొండల నుంచి వచ్చి ఏటికొప్పాక మీదుగా ప్రవహిస్తుంది. తాండవ నది జిల్లా నైరుతి భాగాన్ని, కాకినాడ జిల్లాలోని తుని ప్రాంతాన్ని తడుపుతూ పాయకరావుపేట దగ్గరి పెంటకోట వద్ద సముద్రంలో కలుస్తుంది.

కొండకర్ల ఆవ శారద దిగువ పరీవాహక ప్రాంతంలో ఉంది. చుట్టూ ఉన్న కొండల నుంచి గెడ్డలు, కాలువల ద్వారా వచ్చే నీరు దీనికి ప్రత్యక్ష ఆధారం. శారదకు వరద వచ్చిన కాలంలో పల్లపు కాలువల గుండా కూడా నీరు చేరుతుంది. అధిక నీరు దిగువకు, సముద్రం వైపు పోతుంది. ఈ రాకపోకల్లో ఏ ఒక్క మార్గం పూడినా ఆవ నీటిమట్టం మారిపోతుంది: వచ్చే దారి మూసుకుంటే ఆవ ఎండుతుంది, పోయే దారి మూసుకుంటే అంచు పొలాలు మునుగుతాయి.

చారిత్రక నేపథ్యం

శారద పరీవాహక ప్రాంతంలో ప్రాచీన జనావాసాలకు బలమైన ఆధారం అనకాపల్లి దగ్గరి శంకరం గ్రామంలోని బొజ్జన్నకొండ, లింగాలకొండ. ఇక్కడి గుహాలయాలు, రాతిలో తొలిచిన స్తూపాలు, ఇటుక కట్టడాలు బౌద్ధానికి చెందినవి. 20వ శతాబ్దం మొదటి దశకంలో పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వకాలు జరిపించాడు. ఆవకు దక్షిణాన రాంబిల్లి మండలంలోని పంచదార్ల ధర్మలింగేశ్వరాలయం శాసనాలకు పేరుపొందింది. కొండ ఊటల నుంచి వచ్చే ఐదు ధారల వల్ల ఆ క్షేత్రానికి ఆ పేరు వచ్చిందని చెబుతారు. 14, 15 శతాబ్దాల్లో ఎలమంచిలి కేంద్రంగా పాలించిన చాళుక్య శాఖకు చెందిన శాసనాలు అక్కడ ఉన్నాయి. కొండల అంచు నీటిని ఆధారం చేసుకుని ఈ ప్రాంతంలో క్షేత్రాలు, సాగు భూములు చిరకాలంగా నిలిచాయనడానికి ఇవి నిదర్శనాలు.

బ్రిటిషు పాలనలో ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో జమీందారీల కింద ఉండేది. చెరువులు, కాలువల నిర్వహణ ఎస్టేట్ల బాధ్యతగా సాగింది. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు ముగిసి, నీటి వనరులు ప్రభుత్వ శాఖల పరిధిలోకి వచ్చాయి. ఆ తర్వాతి దశాబ్దాల్లో కనుమల పాదాల వద్ద మధ్యతరహా జలాశయాలు నిర్మితమయ్యాయి. 1997లో వచ్చిన రైతుల నీటిపారుదల వ్యవస్థల నిర్వహణ చట్టం సాగునీటి సంఘాలకు ఆయకట్టు నిర్వహణలో పాత్ర కల్పించింది.

అటవీ జలాశయాలు

జిల్లా పడమటి అంచునున్న ఐదు జలాశయాలు అడవి కొండల నుంచి దిగే నీటిని పట్టి ఉంచుతాయి.

తాండవ జలాశయం నాతవరం మండలంలో తాండవ నదిపై ఉంది. సముద్రమట్టం నుంచి లెక్కించే పూర్తిస్థాయి నీటిమట్టం 380 అడుగులు. అనకాపల్లి, కాకినాడ జిల్లాల్లో సుమారు 51 వేల ఎకరాల ఆయకట్టు దీని కింద ఉంది. ఈ ఐదింటిలో ఇదే పెద్దది.

రైవాడ జలాశయం దేవరాపల్లి మండలంలో శారద నదిపై ఉంది. పూర్తిస్థాయి నీటిమట్టం 114 మీటర్లు. సాగునీటితో పాటు విశాఖపట్నం నగరానికి తాగునీటిని కూడా అందిస్తుంది. ఒకే నీటిని పొలాలు, నగరం పంచుకోవడం వల్ల రైవాడ నీటి కేటాయింపు ఆయకట్టు రైతులకు, నగర అవసరాలకు మధ్య చిరకాల చర్చగా ఉంది.

కోనాం జలాశయం చీడికాడ మండలంలో బొడ్డేరుపై ఉంది. పూర్తిస్థాయి నీటిమట్టం 101.25 మీటర్లు.

పెద్దేరు జలాశయం మాడుగుల మండలంలో అదే పేరుగల నదిపై ఉంది. పూర్తిస్థాయి నీటిమట్టం 137 మీటర్లు.

కళ్యాణపులోవ జలాశయం రావికమతం మండలంలో ఉంది. పూర్తిస్థాయి నీటిమట్టం 460 అడుగులు. కొండల నడుమ ఉండటం వల్ల వనభోజనాలకు, సెలవు రోజుల విహారానికి పేరుపొందింది.

ఈ జలాశయాల ఎగువనున్న కొండలపై ఆకురాల్చు అడవులు పెరుగుతాయి. మద్ది, ఏగిస, తుమికి, వెదురు, ఉసిరి, చింత, పనస ఇక్కడి చెట్లలో కొన్ని. దిగువ వాలుల్లో జీడిమామిడి తోటలు విస్తరించాయి. భగత, కొండదొర తదితర గిరిజన కుటుంబాలు అడవి అంచు గ్రామాల్లో నివసిస్తాయి. చింతపండు, తేనె, కొండచీపుర్లు, ఉసిరి వంటి అటవీ ఫలసాయం సేకరణ, మెట్ట పంటలు, పశుపోషణ వారి ఆదాయ మార్గాలు.

అడవికీ జలాశయానికీ ఉన్న సంబంధం ప్రత్యక్షమైనది. చెట్ల ఆకులు, రాలిన చెత్త, వేళ్లు వాన వేగాన్ని తగ్గించి నీటిని నేలలోకి ఇంకిస్తాయి. ఆ నీరు వర్షాలు ఆగిన తర్వాత కూడా గెడ్డల్లో ఊటగా వస్తుంది. అడవి పలచబడిన వాలు మీద నీరు ఒక్కసారిగా జారి మట్టిని తెస్తుంది. ఆ మట్టి జలాశయం అడుగున పేరుకుని నిల్వ సామర్థ్యాన్ని తగ్గిస్తుంది. కట్ట ఎంత పటిష్ఠంగా ఉన్నా ఎగువ అడవి క్షీణిస్తే జలాశయం ఆయుష్షు తగ్గుతుంది.

ద్వీపాలు: ఏర్పడే తీరు, తెలుగు నేల ఉదాహరణలు

ఆవలో నీటి మధ్య కనిపించే తిన్నెలను అర్థం చేసుకోవడానికి ముందుగా సరస్సుల్లో ద్వీపాలు ఏర్పడే తీరు చూడాలి; అవి ప్రధానంగా మూడు విధాలుగా ఏర్పడతాయి. మొదటిది ముంపు వల్ల: కొండల మధ్య లోయ నీటితో నిండినప్పుడు కొండ శిఖరాలు నీటిపైన మిగులుతాయి. రెండోది మేట వల్ల: నది తెచ్చిన ఒండ్రు లోతు తక్కువ నీటిలో దిబ్బగా పేరుకుంటుంది. మూడోది మొక్కల వల్ల: వేళ్లు, కాడలు, కుళ్లిన ఆకులు అల్లుకుని నీటిపై తెట్టులా తేలుతాయి.

మొదటి రకానికి తెలంగాణలోని ములుగు జిల్లా, గోవిందరావుపేట మండలంలోని లక్నవరం సరస్సు ప్రసిద్ధ ఉదాహరణ. 13వ శతాబ్దంలో కాకతీయుల కాలంలో కొండల మధ్య ఉన్న సందులను చిన్న కట్టలతో మూసి దీన్ని నిర్మించారు. కొండలే గట్లుగా నిలవడంతో తక్కువ కట్టతో ఎక్కువ నీరు నిలిచింది. అడవి కప్పిన 13 ద్వీపాలు ఇందులో ఉన్నట్టు చెబుతారు. ద్వీపానికి చేరే వేలాడే వంతెన పర్యాటకులను ఆకర్షిస్తుంది. కృష్ణా నదిపై నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. అక్కడి లోయ మునిగినప్పుడు నాగార్జునకొండ పైభాగం ద్వీపంగా మిగిలింది. లోయలో తవ్వితీసిన బౌద్ధ శిల్పాలను, కట్టడాల భాగాలను ఆ ద్వీపంపై నెలకొల్పిన మ్యూజియానికి తరలించారు.

రెండో రకానికి దగ్గరివి కొల్లేరులోని మెరక గ్రామాలు. వీటిని లంకలంటారు. పెద్దింట్లమ్మ ఆలయం ఉన్న కొల్లేటికోట వీటిలో పేరున్నది. ఉప్పునీటి సరస్సుల్లో పులికాట్ వద్ద శ్రీహరికోట, ఇరకం, వేనాడు ద్వీపాలున్నాయి. ఒడిశాలోని చిలికలో నలబణ ద్వీపం వలస పక్షుల స్థావరం.

కొండకర్ల ఆవలో కనిపించేవి ప్రధానంగా మూడో రకానికి చెందినవి. తుంగ, జమ్ము, తామర తీగలు దట్టంగా అల్లుకున్న చోట నీటి మధ్య పచ్చని తిన్నెలు ఏర్పడతాయి. అవి మనుషులు నివసించే స్థిరమైన నేల కావు, కానీ పక్షులు గూళ్లు కట్టడానికి, చేపపిల్లలు దాగడానికి అనువైన స్థలాలు. నీటిమట్టం, గాలి, కలుపు తొలగింపును బట్టి వాటి ఆకారం ఏటేటా మారుతుంది.

ఆవ వృక్షజాలం

ఆవలోని మొక్కలను లోతును బట్టి నాలుగు వరుసలుగా గుర్తించవచ్చు. అంచున తుంగ, జమ్ము, గడ్డి జాతులు పెరుగుతాయి; వీటి వేళ్లు తడినేలలో, కాడలు గాలిలో ఉంటాయి. తర్వాతి వరుసలో తామర, కలువ. వీటి దుంపలు అడుగు బురదలో పాతుకుని, ఆకులు నీటిపై పరచుకుంటాయి. మూడో వరుసలో నీటి అడుగున పెరిగే నాచు, తీగ మొక్కలు. నాలుగోవి వేళ్లు నేలను తాకకుండా తేలే గుర్రపుడెక్క, అంతరతామర.

తామర ఆవకు గుర్తింపు తెచ్చిన మొక్క. తామర ఆకు పైపొరలోని సూక్ష్మమైన మైనపు ఉబ్బెత్తుల వల్ల నీటి చుక్క అంటుకోక దొర్లిపోతుంది. ఆకు కాడల్లోని గాలి గొట్టాలు ప్రాణవాయువును బురదలోని దుంప దాకా చేరుస్తాయి. ఈ ఏర్పాటు వల్లే గాలి చొరబడని బురదలో కూడా తామర బతుకుతుంది. గుర్రపుడెక్క దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్క. పిలకల ద్వారా వేగంగా వ్యాపించి నీటిని పూర్తిగా కప్పేస్తుంది. వెలుతురు అందక అడుగు మొక్కలు చనిపోతాయి. కుళ్లిన పదార్థం నీటిలోని ప్రాణవాయువును తగ్గిస్తుంది.

జంతుజాలం

ఆవ వంటి లోతు తక్కువ మంచినీటిలో బొచ్చె, శీలావతి, కొరమీను, మట్టగిడస, జెల్ల, మార్పు, ఇంగిలాయి, పరిగెలు వంటి చేపలు జీవిస్తాయి. వీటిలో కొరమీను, మార్పు, ఇంగిలాయి గాలిని కూడా నేరుగా పీల్చగలవు. వేసవిలో నీరు తగ్గి, ప్రాణవాయువు పడిపోయినప్పుడు ఇవి మిగతా చేపల కన్నా ఎక్కువ కాలం తట్టుకుంటాయి. నత్తలు, కప్పలు, నీటిపాములు, తూనీగలు ఆహార గొలుసులోని ఇతర భాగాలు.

పక్షుల్లో స్థానికంగా ఏడాదంతా ఉండేవి, శీతాకాలంలో వచ్చేవి అని రెండు వర్గాలు. నీలి బొల్లికోడి, జకానా, బుడుబుంగ, ఈలబాతు, నీటికాకి, తెల్లకొంగలు, గుడ్డికొంగ, లకుముకిపిట్ట మొదటి వర్గంలోనివి. జకానా పొడవైన వేళ్లతో శరీర బరువును పంచుకుని తామరాకుల మీద నడుస్తుంది. ఈ జాతిలో గుడ్లను పొదిగి పిల్లలను సాకే పని మగపక్షిది. నత్తగుల్ల కొంగ ముక్కు రెండు భాగాల మధ్య సందు ఉంటుంది; నత్త గుల్లలోని మాంసాన్ని తీయడానికి అలాంటి ముక్కు తోడ్పడుతుంది. ఈ కొంగలు దూరదేశపు అతిథులని చాలామంది అనుకుంటారు గానీ, ఇవి దక్షిణాసియా, ఆగ్నేయాసియాలకు చెందినవి. వర్షాలను, ఆహారాన్ని బట్టి ప్రాంతాలు మారతాయి. శ్రీకాకుళం ప్రాంతంలోని తేలుకుంచి వీటి గూళ్లకు పేరుపొందింది.

సూదితోక బాతు, చిన్న జాతి బాతులు కొన్ని ఉత్తర, మధ్య ఆసియా నుంచి శీతాకాలంలో భారతదేశానికి వస్తాయి. వాటి ప్రయాణ మార్గాన్ని మధ్య ఆసియా వలస మార్గమంటారు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు తీర ఆంధ్ర చిత్తడి నేలల్లో వీటిని చూడవచ్చు. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతోంది. స్వచ్ఛందంగా పాల్గొనే పక్షి పరిశీలకులు ఒకే పద్ధతిలో లెక్కించడం వల్ల ఏడాదికేడాదికీ వచ్చే మార్పులను పోల్చడానికి వీలవుతుంది.

ఆవ పనిచేసే తీరు

చిత్తడి నేలగా ఆవ నిర్వహించే పనులు నాలుగు. మొదటిది వరద నియంత్రణ: కొండల నుంచి ఒక్కసారిగా వచ్చే నీటిని పల్లంలో పరచి, మెల్లగా దిగువకు వదులుతుంది. రెండోది భూగర్భ జలాల భర్తీ: నిలిచిన నీటిలో కొంత చుట్టుపక్కల బావులు, బోర్లకు ఆధారమవుతుంది. తీరానికి దగ్గరున్న ప్రదేశంలో మంచినీటి మట్టం నిలవడం ఉప్పునీరు నేలలోపలికి చొచ్చుకురాకుండా అడ్డుకునే అంశం కూడా. మూడోది నీటి శుద్ధి: జమ్ము, తుంగ నీటి వేగాన్ని తగ్గించడంతో మట్టి అడుగుకు చేరుతుంది, నత్రజని, భాస్వరాలను మొక్కలు వాడుకుంటాయి. నాలుగోది జీవ వైవిధ్యానికి ఆశ్రయం.

శుద్ధి సామర్థ్యానికి హద్దు ఉంది. పొలాల ఎరువులు, ఇళ్ల మురుగు ద్వారా పోషకాలు అతిగా చేరితే నాచు, కలుపు విపరీతంగా పెరుగుతాయి. అవి చచ్చి కుళ్లేటప్పుడు ప్రాణవాయువు ఖర్చై చేపలు చనిపోతాయి. అడుగున పేరుకున్న పదార్థం లోతును తగ్గిస్తుంది. దీన్ని పోషకాధిక్యత అంటారు. ఆవ క్రమంగా బురద నేలగా, ఆపై మామూలు నేలగా మారే సహజ ప్రక్రియను ఇది ఎన్నో రెట్లు వేగవంతం చేస్తుంది.

జీవనాధారాలు

పరిసర గ్రామాల్లో చేపలవేట, వ్యవసాయం, తామరపూలు, ఆకుల సేకరణ ఆవతో ముడిపడిన వృత్తులు. తామరపూలు పూజలకు ఉపయోగపడతాయి; తామరాకులు పూలను, పదార్థాలను పొట్లం కట్టడానికి, భోజనం వడ్డించడానికి పనికివస్తాయి.

ఆవలో వాడే సంప్రదాయ పడవ తాటి దోనె. ముదురు తాటి మానును నిలువునా చీల్చి, లోపలి మెత్తని భాగాన్ని తొలిచి దోనె చేస్తారు. తాటి మానులో బయటి భాగం గట్టిగా, లోపలి భాగం మెత్తగా ఉండటం ఈ పనికి అనుకూలం. ఒంటి దోనె సులభంగా ఒరుగుతుంది కాబట్టి రెండింటిని పక్కపక్కన కలిపి కడతారు. లోతు తక్కువ కనుక తెడ్డు కన్నా వెదురు గడతో అడుగును నెట్టి నడపడం తేలిక. నీటిలోకి ఎక్కువ దిగని ఈ దోనె తామర తీగల మధ్య కూడా సాగుతుంది. ఇంజను పొగ, చప్పుడు లేకపోవడం వల్ల పక్షులను బెదరగొట్టదు.

జలాశయాల కింద వరి, చెరకు ముఖ్య పంటలు. అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి. చెరకు పరిశోధనకు పేరున్న ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం కూడా అనకాపల్లిలోనే ఉంది. బెల్లం వ్యాపారానికి మూలమైన చెరకు సాగులో శారద, దాని ఉపనదుల నీటికి ప్రధాన భాగం ఉంది.

పర్యాటక ఆకర్షణ

ఆవకు సందర్శకులు రావడానికి మూడు కారణాలు: కొండల నడుమ నీటి దృశ్యం, దోనె విహారం, పక్షి పరిశీలన. వర్షాలు ముగిసి నీరు నిండుగా ఉండి, ఎండ తీవ్రత లేని నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. ఉదయం, సాయంత్రం పక్షులు మేతకు తిరిగే వేళలు. కార్తిక మాసంలో వనభోజనాలకు వచ్చేవారు అధికం.

సమీపంలో చూడదగినవి: అచ్యుతాపురం మండలంలోని పూడిమడక తీరం, రాంబిల్లి మండలంలోని పంచదార్ల, అనకాపల్లిలోని నూకాంబిక ఆలయం, శంకరం వద్ద బొజ్జన్నకొండ. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసి సహజ రంగుల లక్క పూసే బొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది. జిల్లా పడమటి భాగంలో కళ్యాణపులోవ, తాండవ, కోనాం, రైవాడ ప్రాంతాలు కొండల దృశ్యాలకు అనువైనవి. ఆవకూ జలాశయాలకూ పర్యాటక స్వభావంలో తేడా ఉంది: ఆవ దగ్గర నుంచి చూడవలసిన జీవ ప్రపంచం, జలాశయాలు దూరం నుంచి చూడవలసిన విశాల దృశ్యాలు.

జలాశయాల్లో గట్టు దాటగానే లోతు ఒక్కసారిగా పెరుగుతుంది. ఆవలో తామర తీగలు, అడుగు బురద ఈతగాళ్లకు ప్రమాదం. అందుచేత రెండు చోట్లా నీటిలో దిగడం క్షేమం కాదు. దోనె ఎక్కేటప్పుడు రక్షణ జాకెట్ ధరించడం అవసరం.

సమస్యలు

ఆవ ఎదుర్కొనే సమస్యలు చాలావరకు దేశంలోని ఇతర చిత్తడి నేలల సమస్యలే. గుర్రపుడెక్క విస్తరణ, పూడిక, అంచుల ఆక్రమణ, ఎరువుల అవశేషాలు, ప్లాస్టిక్ వ్యర్థాలు వాటిలో ముఖ్యమైనవి. ఎండాకాలంలో నీరు వెనక్కి తగ్గిన నేలను శాశ్వత సాగు భూమిగా మార్చడం తేలిక. అలా మారిన చోట మళ్లీ నీరు చేరితే అది ముంపుగా లెక్కకు వస్తుంది. కొల్లేరులో చేపల చెరువుల విస్తరణతో ఇదే పరిణామం పెద్ద స్థాయిలో జరిగింది. అక్కడ ఐదో కాంటూరు (ఎత్తు రేఖ) లోపలి చెరువుల గట్లను 2006లో ప్రభుత్వం తొలగించవలసి వచ్చింది.

అచ్యుతాపురం, రాంబిల్లి మండలాల్లో ప్రత్యేక ఆర్థిక మండలి, పరిశ్రమలు విస్తరించాయి. ఉపాధి, రోడ్లు పెరగడం దీనివల్ల కలిగిన మేలు. నీటి అవసరాలు, భూమి ధరలు, కట్టడాలు పెరగడం పరిసర చిత్తడి నేలలపై ఒత్తిడి. జలాశయాల విషయంలో కాలువల పూడిక, చివరి ఆయకట్టుకు నీరందకపోవడం, ఎగువ వాలుల్లో మట్టికోత ముఖ్య సమస్యలు.

చట్టాలు, సంరక్షణ

చిత్తడి నేలల అంతర్జాతీయ ఒప్పందం 1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని రామ్‌సార్ నగరంలో కుదిరింది. అందుకే ఏటా ఫిబ్రవరి 2ను ప్రపంచ చిత్తడి నేలల దినోత్సవంగా పాటిస్తారు. భారతదేశం 1982లో ఇందులో చేరింది. ఆంధ్రప్రదేశ్ నుంచి కొల్లేరు 2002లో రామ్‌సార్ జాబితాకెక్కింది. కొండకర్ల ఆవ ఆ జాబితాలో లేదు. పక్షుల కేంద్రంగా మాత్రం పేరుంది.

దేశంలో 2017 నాటి చిత్తడి నేలల (సంరక్షణ, నిర్వహణ) నియమాలు గుర్తించిన చిత్తడి నేలల్లో ఆక్రమణలను, వ్యర్థాలు పోయడాన్ని, శాశ్వత కట్టడాలను నిషేధిస్తాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పక్షుల వేటను నేరంగా పరిగణిస్తుంది. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం అడవి భూమిని ఇతర అవసరాలకు మళ్లించడానికి కేంద్ర అనుమతిని తప్పనిసరి చేసింది.

నిర్వహణలో సాధారణంగా సూచించే చర్యలు ఇవి: నీటి విస్తీర్ణానికి శాశ్వత హద్దులు గుర్తించి రాళ్లు పాతడం, నీరు వచ్చే, పోయే కాలువలను ఏటా వర్షాలకు ముందే బాగుచేయడం, గుర్రపుడెక్కను విత్తనం కట్టకముందే తొలగించడం, పక్షులు గూళ్లు కట్టే కాలంలో ఆ తిన్నెల జోలికి వెళ్లకపోవడం, మత్స్యకారులను నిర్వహణలో భాగస్వాములను చేయడం. తామర కూడా అతిగా పెరిగితే మొక్కలు లేని నీటి భాగం తగ్గుతుంది. అందువల్ల పూర్తిగా తొలగించడం, పూర్తిగా వదిలేయడం రెండూ తగవు. మొక్కలున్న నీరు, మొక్కలు లేని నీరు పక్కపక్కన ఉన్నప్పుడే ఎక్కువ జాతుల పక్షులు నిలుస్తాయి.

ప్రాధాన్యం

అనకాపల్లి జిల్లా నీటి భూగోళంలో ఎగువన అడవి, మధ్యన జలాశయం, దిగువన ఆవ వరుసగా ఉన్నాయి. అడవి వాననీటిని ఇంకిస్తుంది, జలాశయం నిల్వచేసి పొలాలకు, నగరానికి అందిస్తుంది, ఆవ మిగులు నీటిని పట్టి సముద్రానికి ముందు చివరి మంచినీటి ఆశ్రయంగా నిలుస్తుంది. పరిపాలనలో మాత్రం అడవి ఒక శాఖ కింద, జలాశయం మరో శాఖ కింద, చేపలు, పర్యాటకం ఇంకొన్ని శాఖల కింద ఉన్నాయి. నీరు ఈ విభజనను పాటించదు కాబట్టి, ఆవ సంరక్షణను పరీవాహక ప్రాంతం మొత్తంతో కలిపి ప్రణాళిక చేయడమే శాస్త్రీయమైన పద్ధతి.